కస్టమర్ డ్యూటీ

ఆర్థికమంత్రిగారు మైకు ముందుకు వచ్చి, నీలం కోటుకున్న ఇత్తడి గుండీలు పెట్టుకుని, ఉపాధ్యాయుల సంక్షేమ నిధి మొత్తాన్ని ఒక రెడీమేడ్ బట్టల కంపెనీ షేర్లలో పెట్టినట్టు ప్రకటించారు.

"బంగారం పడిపోతుంది, భూమి పడిపోతుంది, బ్యాంకుల సంగతి సరేసరి. కానీ ఎంత కరువొచ్చినా మనిషి బట్టల్లేకుండా వీధిలోకి రాడు. సర్వం పోయినవాణ్ణి ఏమంటాం? కట్టుబట్టలతో మిగిలాడంటాం. ఆ కట్టుబట్టలు ఎవరో అమ్మినవే కదా!"

ఇంత లోతైన ఆర్థికశాస్త్రం నేను అంతకు ముందు విని ఉండలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

కంపెనీ మంత్రిగారి బావమరిదిది. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఇక్కడ బావగారే బావమరిది బతుకు కోరారు. ఇంతటి కుటుంబ వాత్సల్యం రాజకీయాల్లో అరుదు.

నా పక్కన కూర్చున్న మా డ్రాయింగ్ మాస్టారు మెడ ముందుకు చాచి చూస్తున్నారు. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు.

"నాకు మంత్రిగారి ముఖం కనపడట్లేదండీ. కోటు, గుండీలు మాత్రం తెలుస్తున్నాయి" అన్నారు.

"అంతకన్నా చూడాల్సిందేమీ లేదులెండి" అన్నాను.

ఆయన కంటి ఆపరేషన్ ఖర్చు ఆ నిధి నుంచే రావాలి. మంజూరు కూడా అయింది. ఇప్పుడు డివిడెండ్ వచ్చేదాకా ఆగమన్నారు. ఈలోగా ఆయన బోర్డు మీద ఏనుగును గీస్తే తొండం ఒకచోట, ఏనుగు మరోచోట పడుతున్నాయి. పిల్లలు బుద్ధిమంతులు, ఉన్నది ఉన్నట్టు దించుకుంటున్నారు. మా బడిలో ఒక తరం ఏనుగులకు తొండం విడిగా వస్తుంది.

డివిడెండ్ రావాలంటే కంపెనీకి లాభం రావాలి. లాభం రావాలంటే జనం బట్టలు కొనాలి. ధరలు మండిపోతున్న ఆ రోజుల్లో జనం పాత చొక్కాలకే కాలర్లు తిప్పి కుట్టించుకుంటున్నారు. ఈ దేశద్రోహాన్ని మంత్రిగారు ఊరికే చూస్తూ కూర్చోలేదు. ఉపాధ్యాయులందరికీ కస్టమర్ డ్యూటీ వేశారు.

ఎన్నికల డ్యూటీ చేశాం, జనాభా లెక్కలు రాశాం, కుక్కల్ని కూడా లెక్కపెట్టాం. ఇదీ చేశాం. పొద్దున ఆ కంపెనీ దుకాణానికి వెళ్లి బట్టలు కొనాలి, సాయంత్రం వాటిని వాపసు ఇచ్చి డబ్బు తీసుకోవాలి. కొన్నవి అమ్మకాల కింద రాస్తారు. వాపసు ఇచ్చినవి రాయరు.

దుకాణం గుమ్మం దగ్గర అచ్చం మంత్రిగారి కోటులాంటి నీలం కోటు తొడిగిన ప్లాస్టిక్ బొమ్మ నిలబడి ఉండేది. దాన్ని దాటి లోపలికి వెళ్లగానే డ్రాయింగ్ మాస్టారు నిలువుటద్దానికి గుద్దుకుని, "క్షమించాలి మాస్టారూ, చూసుకోలేదు" అన్నారు. నా వైపు తిరిగి, "పాపం, పెద్దాయన. ఆయనకీ సరిగ్గా కనపడదనుకుంటా" అన్నారు.

నా వంతుకు ఆడవాళ్ల స్వెటర్ వచ్చింది.

"మేడంగారి సైజేంటి సార్?" అంది కౌంటర్లో అమ్మాయి.

"మీడియం."

మా ఆవిడ పోయి అప్పటికి నెల కాలేదు. ఆ అమ్మాయికి అది చెప్పవలసిన పని లేదు. సాయంత్రం ఆ స్వెటర్ వాపసు ఇవ్వడంలో మాత్రం కొంచెం ఆలస్యమైంది. "డ్యూటీలో అలసత్వం" అని మేనేజర్ నా పేరు పక్కన రాసుకున్నాడు. ఆయన రాసింది నిజమే.

మా కృషి ఫలించింది. షేరు ధర ఎగిరింది. మంత్రిగారికి ఆపరేషన్ అర్జీ గుర్తు చేద్దామని డ్రాయింగ్ మాస్టారిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. మమ్మల్ని ఆయన గదిలోనే బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఆర్థిక కార్యదర్శి ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"డివిడెండ్‌కి అంతా సిద్ధం సార్. ఎక్స్ డివిడెండ్ తేదీ ఒక్కటి ప్రకటిస్తే చాలు."

"ఎక్స్ ఏంటయ్యా?"

"ఆ రోజు నుంచి షేరు కొన్నవాళ్లకి ఈసారి డివిడెండ్ రాదు సార్. అంతకు ముందు కొన్నవాళ్లకే."

"అది సరేనయ్యా. ఎక్స్ అంటే మాజీ కదా?"

"ఇక్కడ ఆ అర్థం కాదు సార్."

"ఎక్కడైనా అదే అర్థం. నా సంతకం పక్కన ఎక్స్ అని ఉంటే పేపర్లవాళ్లు ఊరుకుంటారా? తీసేయ్."

"తీసేస్తే ఎవరికి ఇవ్వాలో తెలీదు సార్."

"తెలీకపోతే ఇవ్వకు. తొందరేముంది?"

ఒక్క అక్షరంలో పొంచి ఉన్న ప్రమాదాన్ని కనిపెట్టిన ఆ సూక్ష్మదృష్టికి నేను లోలోపల నమస్కరించాను. డ్రాయింగ్ మాస్టారు లేచారు.

"అయ్యా, నా కళ్ల ఆపరేషన్..."

"చూస్తాం, చూస్తాం."

"అదేనండీ, నేను చూడలేకపోతున్నాను. బోర్డు మీద ఏనుగు..."

ఫోను మోగింది. మంత్రిగారు మాట్లాడి పెట్టేశారు.

"ఏనుగు తొండం..."

మళ్లీ మోగింది. మేం తొండం దాటి ముందుకు వెళ్లలేకపోయాం. "డివిడెండ్ రాగానే మీ పనే ముందు, ఇది నా హామీ" అని ఆయన భుజం తట్టి పంపారు. తట్టింది నా భుజం.

ఈలోగా ఎవరో దుర్మార్గుడు దుకాణం గోడౌన్‌లోకి తొంగి చూశాడు. అమ్ముడుపోయిన బట్టలన్నీ అక్కడే ఉన్నాయి. షేరు ధర నేల మీదికి దిగింది. కంపెనీ నెత్తిన గుడ్డ వేసుకుంది. గుడ్డకు వాళ్ల దగ్గర లోటు లేదు.

మంత్రిగారిని ఆరోగ్యశాఖకు మార్చారు. మాజీ అన్న మాట ఎక్కడా రాలేదు. డ్రాయింగ్ మాస్టారు మాత్రం సంబరపడ్డారు.

"ఇక మన పని అయినట్టేనండీ. కళ్లు ఆయన శాఖ కిందికే వస్తాయి!"

తరువాతి వారం బడికి ఒక వ్యాను వచ్చింది. నిధికి రావలసిన డివిడెండ్‌ను నగదుగా ఇవ్వలేక, దుకాణంలో మిగిలిన సామాను బడికొకటి చొప్పున పంచుతున్నారట. మా బడి పెద్దమేడం సంతకం పెట్టి తీసుకున్నారు. మా వాటాకు గుమ్మం దగ్గరి బొమ్మ వచ్చింది, నీలం కోటుతో సహా. లోపల డొల్ల కాబట్టి మోయడం కష్టం కాలేదు. స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్కన నిలబెట్టాం.

పీరియడ్ ముగించుకుని డ్రాయింగ్ మాస్టారు లోపలికి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఇత్తడి గుండీలు ఎండకు మెరుస్తున్నాయి. ఆయన చేతులకున్న సుద్ద దులుపుకుని, చొక్కా సర్దుకున్నారు.

"అయ్యా! తమరే స్వయంగా వచ్చారా!"

పెద్దమేడం ఏదో చెప్పబోయి నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

మాస్టారు మొదటి నుంచి చెప్పుకొచ్చారు. శుక్లాలు, అర్జీ, బోర్డు, ఏనుగు, తొండం, చివరికి తోక కూడా. ఈసారి ఏ ఫోనూ మోగలేదు. అంతా చెప్పి, నమస్కారం పెట్టి, నా పక్కన వచ్చి కూర్చున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"ఎంత ఓపికండీ! ఒక్క మాట అడ్డు రాలేదు. ఆరోగ్యశాఖకి వచ్చాక మనిషే మారిపోయారు."

"హామీ ఏమైనా ఇచ్చారా మాస్టారూ?"

"లేదండీ" అన్నారాయన, గొంతు తగ్గించి. "అందుకే ఈసారి పని అవుతుందనిపిస్తోంది."