వీరభద్రారెడ్డి గారి పదివేల అడుగులు

నందికొట్కూరు ప్రజలకు తెలియజేయడమేమనగా, మన వీరభద్రారెడ్డి గారు రోజుకు పదివేల అడుగులు నడుస్తున్నారు. ఇది పుకారు కాదు. ఆయన గడియారమే ధ్రువీకరించిన విషయం.

అంతకు ముందు ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. కర్నూలులో డాక్టరు మధులత పరీక్షలన్నీ చేసి, "రెండు రక్తనాళాలు సగం పూడిపోయాయి. సిగరెట్టు మానాలి, మాంసం, ఉప్పు తగ్గించాలి, పొద్దున్నే నడవాలి. లేదంటే ఏడాది తిరక్కుండా ఆపరేషన్ తప్పదు" అంది. అడుగుల్నీ గుండె వేగాన్నీ లెక్కపెట్టి తన ఫోనుకు పంపే గడియారమొకటి ఆయన చేతికి కట్టింది.

గడియారం రోజూ నడుస్తుందని రెడ్డిగారు మాటిచ్చారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఇంటికి రాగానే దాన్ని విప్పి అనుచరుడు ఓబుళేశు చేతికి కట్టారు.

ఇందులో నవ్వడానికేమీ లేదు. ముప్పై ఏళ్లుగా రెడ్డిగారి తరఫున చావులకు వెళ్లి కంటతడి పెట్టేది ఓబుళేశే. కిందటేడు అహోబిలం మొక్కుకు గుండు కూడా అతనే కొట్టించుకున్నాడు. దేవుడు అభ్యంతరం చెప్పలేదు, గుండె చెబుతుందని ఎవరనుకుంటారు?

ఓబుళేశు రోజూ మాతోపాటు కాలేజీ మైదానం చుట్టూ నడిచేవాడు. డాక్టరు రాసిన కొర్రన్నమూ అతనే తినేవాడు. ఎదురుగా రెడ్డిగారు పొట్టేలు మాంసం తింటూ, "ఉప్పు తగ్గించుకోరా, డాక్టరమ్మ తిడతాది" అని హెచ్చరించేవారు. మూడు నెలల్లో ఓబుళేశు పొట్ట కరిగింది. డాక్టరమ్మ ఫోనులో అంకెలు చూసి మురిసిపోయింది.

రెడ్డిగారి భార్య ప్రమీలారాణికి మాత్రం భయం పోలేదు.

"నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాండారు. రేపట్నుంచి మీరే నడవండి."

"నేను నడిస్తే జనం ఏమనుకుంటారే? కార్లు అమ్ముకున్న్యాడనుకోరా?"

పట్టణ పెద్దలు ఆయనకు 'హృదయవీర' బిరుదు ప్రకటించి సభ పెట్టారు. గజమాల వేశారు. రెడ్డిగారు మైకు అందుకున్నారు. "ఆరోగ్యమంటే క్రమశిక్షణప్పా! నన్ను జూసి నేర్చుకోండి. ఒక్క దినం గూడా నేను..." అంటూనే ఛాతీ పట్టుకుని కూలిపోయారు. వేదిక కింద ఓబుళేశు చేతి గడియారం మాత్రం గుండె భేషుగ్గా ఉందని చూపిస్తూనే ఉంది.

బైపాస్ చేసి ఎలాగో బతికించారు. మరుసటి వారానికి మైదానం ఖాళీ అయింది. మాతో నడిచే పుల్లన్న బజ్జీల బండి దగ్గర తేల్చి చెప్పాడు. "పదివేల అడుగులు నడిచే మనిషికే ఇట్లయితే మనమెంతప్పా? నడక శానా ప్రమాదం."

ఓబుళేశు కళ్లు తుడుచుకుంటూ, "నడిచింది నేనప్పా, ఆయన గాదు" అన్నాడు.

"గమ్మునుండు! అన్న పరువు తీస్తావా?" అని అందరం అతని మీద పడ్డాం.

నడిచిందెవరో మాకు తెలియక కాదు. మూడు నెలలు అతని పక్కనే నడిచినవాళ్లం. కానీ నడక మానడానికి ఇంత గౌరవప్రదమైన కారణం మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాం.