ప్రధాన సంఖ్యకు నా రాతబల్ల

ప్రతి ఇంట్లోనూ ఒక పెద్ద ప్రధాన సంఖ్య ఉండి తీరాలి. అది లేని ఇల్లు ఇల్లే కాదు!

నవ్వకండి. ఫ్రిజ్ లేకపోతే పక్కింట్లో అడిగి చల్లనీళ్లు తెచ్చుకోవచ్చు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగించడానికి లొంగని, కోట్ల అంకెల పొడవున్న సంఖ్యను ఏ పక్కింటివాళ్లు అరువిస్తారు?

మా ఇంట్లో అది తయారవుతోంది. మా ఆవిడ తమ్ముడు ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి, సంఖ్యను వెతకడం మొదలుపెట్టాడు. రెండును రెండుతో కోట్లసార్లు గుణించి, చివర్లో ఒకటి తీసేయాలట. అంత చచ్చీచెడీ గుణించాక ఆ ఒక్కటీ తీసేయడమెందుకని అడిగాను. తీయకపోతే సరిసంఖ్యగా మిగిలిపోతుందని చెప్పి నావైపు జాలిగా చూశాడు. తీసేశాక కూడా అది ప్రధాన సంఖ్య అవునో కాదో కంప్యూటర్ నెలల తరబడి లెక్కేస్తే గానీ తేలదట. ఆ కంప్యూటర్ ఉన్నది నా రాతబల్ల మీద.

దానివల్ల ఎన్ని లాభాలని! దాని వెనక నుంచి వచ్చే వేడికి తడి సాక్సులు మనం కాఫీ తాగేలోపు ఆరిపోతాయి. ఫ్యాను రొదలో కాలింగ్ బెల్ వినపడదు కాబట్టి చుట్టాల బెడద లేదు, ఉన్న చుట్టం తప్ప. ఫ్యూజు పోతే లెక్క చెడుతుందని మా ఇంట్లో ఇస్త్రీపెట్టె నిషేధం. నా నలిగిన చొక్కాలు చూసి, పాపం ఇంట్లో ఏదో కష్టమొచ్చిందనుకుని మేనేజర్ నాకు పని చెప్పడమే మానేశాడు. గణితం మనిషికి ఇంతకంటే ఏం చేయాలి?

నేనిప్పుడు వంటింట్లో, ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చుని రాస్తున్నాను. ఈ కాలమ్‌లో ఎక్కడైనా కంటతడి కనిపిస్తే కారణం అదే.

మొన్న ఉన్నట్టుండి రొద ఆగింది. ఫలితం వచ్చేసింది. ప్రధాన సంఖ్య కాదట! వేరే ఏదో సంఖ్యతో శేషం లేకుండా తెగుతుందట. దేంతో తెగుతుందని అడిగాను.

"అది చెప్పదు బావా. కాదని మాత్రం చెబుతుంది."

సెలవడిగితే మా మేనేజరూ అంతే. అందుకని ఆ యంత్రం మీద నాకు గౌరవం పెరిగింది. ఏమైతేనేం, పీడ విరగడైందని కాగితాలూ కలమూ చంకన పెట్టుకుని రాతబల్ల దగ్గరికి పరుగెత్తాను. బావమరిది అప్పటికే ఇంకో సంఖ్యను ఎక్కిస్తున్నాడు. ఇంకా ఎన్ని మిగిలాయి నాయనా అన్నాను.

"ప్రధాన సంఖ్యలకు అంతే లేదు బావా. ఎప్పుడో నిరూపించేశారు."

నా మొహం చూసి మా ఆవిడ ధైర్యం చెప్పింది. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, మూడు ప్రధాన సంఖ్యే కదా, ఇక మనల్ని ఎవరూ విడదీయలేరని తమ్ముడి భుజం తట్టి మురిసిపోయింది.

నేను కాదనలేదు. గణితంతో వాదించేంతటివాణ్ణి కాను. బడిలో నేర్చుకున్నదొక్కటి మాత్రం గుర్తుంది, దాన్నే వంటింట్లోంచి మనవి చేసుకుంటున్నాను. రెండు కూడా ప్రధాన సంఖ్యే. మా ఇంటికి అది సరిపోయేది.