కెమెరా ఎంపిక సంఘం సాధించిన విజయం

క్రీడోత్సవం రోజున బడి కెమెరా పోయింది. ఎవరూ దొంగిలించలేదు. బహుమతుల బల్ల మీద ఉన్నది బహుమతే అయి ఉంటుందని ముఖ్య అతిథి తీసుకెళ్లారు. అంత పెద్దమనిషిని తిరిగి అడగడం మర్యాద కాదు కనుక, కెమెరా పోయిందని ప్రకటించడమే సంస్థ గౌరవానికి తగినదని హెడ్మాస్టరు నిర్ణయించారు.

ఇందుకు బాధపడింది డ్రాయింగు మాస్టారొక్కరే. బడి గంట కొట్టే బాబాయి ఆ నెలాఖరు శనివారం రిటైరవుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి గ్రూపు ఫోటోకీ బెంచీలు మోసి, కెమెరా మీద ఎండ పడకుండా గొడుగు పట్టింది ఆయనే. అందువల్ల ఒక్క ఫోటోలోనూ ఆయన లేడు.

"గంట పక్కన నిలబెట్టి ఒక్కటి తియ్యి నాయనా" అన్నాడు బాబాయి. "ఇన్నేళ్లూ బడికే వెళ్లానంటే మీ పిన్నికి ఇప్పటికీ అనుమానమే."

మాస్టారు తన సెల్‌ఫోనుతో తీశారు. గంట ఉన్నది చీకటి వరండాలో, వెనక ఎండకు మెరిసిపోయే మైదానం. ఫోను తనకు తోచిన వెలుతురు తనే ఎంచుకుంది. మైదానం అద్భుతంగా వచ్చింది. బాబాయి ఆ ఫోటోను కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

"గంట బాగుంది. పక్కన ఆ నల్ల స్తంభం ఎప్పుడు కట్టారు?"

వెలుతురూ వేగమూ అన్నీ చేత్తో మార్చుకోగల చిన్న కెమెరా ఒకటి నెలాఖరులోగా కొనాలని మాస్టారు అర్జీ పెట్టారు. వెంటనే కెమెరా ఎంపిక సంఘం ఏర్పడింది.

"మనం కొనబోయేది వస్తువు కాదు, బాధ్యత" అని హెడ్మాస్టరు తొలి సమావేశంలో సెలవిచ్చారు. "ఎలా పడితే అలా కొనేసి, తీరిగ్గా ఫోటోలు తీసుకునే సంస్థ కాదు మనది."

చిన్న కెమెరా అతిథుల కంటికి ఆనదని లెక్కల మాస్టారు అభ్యంతరం చెప్పారు. పెద్దదైతే ఆనుతుందని గుమాస్తా గుర్తుచేశాడు. చిన్నదే ఖాయమైంది.

దుకాణదారు మూడు రకాలు తెచ్చాడు. మొదటిదాని మీద వెలుతురు మార్చే చక్రం చప్పుడు లేకుండా తిరిగినందుకు తిరస్కరించారు. అధికారం చేతిలో ఉన్నట్టు వినపడాలి కదా. రెండోదానికి మీటలు సంఘ సభ్యులకన్నా ఎక్కువున్నాయి. మూడోది అందరికీ నచ్చింది. దాంతో ఫోటో తీసి చూడలేదు, ఎందుకంటే ఆ అంశం ఎజెండాలో లేదు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు కెమెరా వచ్చింది. సభ్యులు మిట్టమధ్యాహ్నం మైదానంలో నిలబడి, తలా ఒక చక్రం తిప్పి, వెలుతురూ వేగమూ ఏకగ్రీవంగా ఆమోదించారు. ఇకమీదట ఎవరూ మార్చకుండా గుమాస్తా ఆ చక్రాలన్నిటికీ టేపు అంటించి ఆఫీసు ముద్ర వేశాడు. అన్నీ చేత్తో మార్చగలిగే కెమెరాను ఏ చెయ్యీ మార్చలేకుండా చేయడంతో ఎంపిక దిగ్విజయంగా ముగిసింది.

"వరండాలో ఈ వెలుతురు చాలదు. ఒక్క నిమిషం టేపు తీస్తే చాలు" అన్నారు డ్రాయింగు మాస్టారు.

"తీయొచ్చు మాస్టారూ, వద్దన్నదెవరు?" అన్నాడు గుమాస్తా. " సంఘం కూర్చోవాలి. సోమవారం కూర్చుంటుంది."

"బాబాయి శనివారమే వెళ్లిపోతాడయ్యా."

"సోమవారం రమ్మనండి. ఇక ఆయనకు పనేముంటుంది?"

శనివారం మధ్యాహ్నం, కెమెరా వచ్చిన ఖాళీ పెట్టెను మధ్యలో పట్టుకుని, సంఘ సభ్యులు మైదానంలో గ్రూపు ఫోటో దిగారు. బాబాయి బెంచీలు మోశాడు. గొడుగు పట్టాడు. డ్రాయింగు మాస్టారు మీట నొక్కారు. ఆ తర్వాత బాబాయి చివరి గంట కొట్టి, గొడుగు మడిచి గుమాస్తాకు అప్పగించి వెళ్లిపోయాడు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. ఆఫీసు గోడ మీద ఉంది. పైమూలన గొడుగు అంచూ, దాని కాడ పట్టుకున్న బొటనవేలూ పడ్డాయని, ఇకముందు గొడుగు పట్టేవారు దూరంగా పట్టాలని సంఘం తీర్మానించింది. మీ బడి ఫోటో మీ దగ్గరుంటే తీసి చూడండి. అందులో బొటనవేలు కూడా ఉండదు.

సోమవారాలు నాలుగు గడిచాయి. టేపు తీయలేదు. గంట పక్కన బాబాయి ఫోటో ఇంకా తీయవలసి ఉంది.