కదలని సరుకు

బసవయ్య ఆ ఉదయం వేసుకున్న లెక్క తేలికైనదే. తొమ్మిదికి భవానీపురంలో పెట్టె ఎక్కించుకోవాలి, పదకొండుకల్లా చల్లపల్లిలో దించాలి. పశువులు ఈసుకుపోయే, అంటే చూలు పోగొట్టుకునే, బ్రూసెల్లా రోగానికి డాక్టర్ దీవెన కొత్త టీకా తయారుచేస్తోంది. చల్లపల్లి దూడల మీద దాని పరీక్ష. ఈ ఒక్క ట్రిప్పు సవ్యంగా చేరితే ఏడాది రవాణా అంతా అతనిదే.

"ఇందులో బతికున్న సూక్ష్మజీవులున్నాయండీ. చనిపోతే టీకా పనిచేయదు. మూత మాత్రం తీయకండి," అందామె.

బతికున్న సరుకు బసవయ్యకు కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా రొయ్య పిల్లల్ని చెరువులకు చేరవేస్తున్నాడు. అయినా ఉయ్యూరు దాటేసరికి గుబులు పట్టుకుంది. గాలి లేకుండా ఏ ప్రాణి బతుకుతుంది? టీకొట్టు పక్కన వ్యాన్ ఆపించి, మూత తీసి, ఒక సీసా తట్టాడు. రొయ్య పిల్లలైతే తట్టగానే చెదురుతాయి. ఇక్కడ అడుగున తెల్లటి పొడి. ఇంకోటి తట్టాడు. అదీ అంతే.

"జయపాల్, ఊపిరాడక పోయాయిరా!"

"మేడం మూత తీయొద్దన్నారు కదండీ," అన్నాడు డ్రైవర్.

"ఆవిడ చదువుకుంది. మోసింది మనం."

పెట్టెలోని ఐస్ తీసి పక్కన పెట్టి, రొయ్య పిల్లల కోసం వ్యాన్‌లో ఉంచే ఆక్సిజన్ గొట్టం అందులోకి దూర్చాడు. అరగంటైనా చలనం లేదు. నూటికి పది పోతే వ్యాపారం, నూరూ పోతే పరువే పోతుంది. గుట్టుగా దించేసి రావచ్చు. కానీ చచ్చిన రొయ్య పిల్లల్ని అతను ఏ రైతుకూ అంటగట్టి ఎరగడు. ఫోన్ చేశాడు.

"మేడం, అన్నీ పోయాయి. ఒక్క సీసా మిగల్లేదు."

సీసాలు పగిలాయనుకుంది దీవెన. "దిగిపోండి! ఆ పొడితో రోగం మనుషులకూ అంటుకుంటుంది! వస్తున్నా!"

ఫోన్‌లోంచి ఆ మాట వింటూనే జయపాల్ కిందికి దూకి, "పారిపోండ్రా, రోగం!" అని అరిచాడు. టీకొట్టు ఖాళీ అయింది. బల్లలు రోడ్డు మీద పడ్డాయి. బస్సు ఆగింది.

"ఇంతకీ నీ పురుగులు బతికున్నాయా, చచ్చాయా?" టీకొట్టు మాణిక్యమ్మ నిలదీసింది.

"చచ్చాయమ్మా."

"మరి నా గిరాకీని తరిమిందెవరయ్యా?"

దీవెన చేతులకు గ్లవుజులతో, ఇంకో పెట్టెతో కారు దిగింది. "ఒక్కటీ పగల్లేదే!"

"పగల్లేదండీ. కదలట్లేదు."

దీవెన ఒక సీసా ఎత్తి చూపింది. "ఎండబెట్టిన సూక్ష్మజీవులండీ. కంటికి కనపడవు, వాటికి గాలీ అక్కర్లేదు. చల్లగా ఉంటే చాలు." కరిగిన ఐస్ వంక చూసింది. "ఇప్పుడు మాత్రం వీటిని నమ్మలేం."

ఏడాది బేరం పోయిందని బసవయ్య తల దించుకున్నాడు. దీవెన రెండో పెట్టెను వ్యాన్‌లో పెట్టించింది.

"మళ్లీ నాకేనా మేడం?"

"ఇదివరకటాయన ఐస్ కరిగినా చెప్పకుండా దించి వెళ్లాడు. నెల రోజుల పరీక్ష పాడైంది. మీరు బతికున్నవాటిని కూడా చచ్చాయని చెప్పారు."

ఏడాది రవాణా బసవయ్యకే దక్కింది. పెట్టెకు తాళం వేసి అతనికిస్తారు, తాళంచెవి మాత్రం విడిగా బస్సులో చల్లపల్లికి వెళ్తుంది.