మూడు బుర్రల పిడుగురసం

జంతువుల కన్నా సంఘాలు ఎక్కువగా ఉన్న ఒక పెద్ద అడవిలో చెంగల్వ అనే ఆడదుప్పి ఉండేది. పరుగెత్తడం తప్ప ఆమెకు వేరే పని చేతకాదు. అందుకే ఏ సంఘంలోనూ చోటు దొరకలేదు.

ఆ అడవికీ ఏటి అవతలి అడవికీ మధ్య ఒక మడుగు ఉంది. ఎండలు ముదిరితే ఏరు ఇంకిపోతుంది, మిగిలేది ఆ మడుగే. అందుకని ఏటా చలి వెనకబట్టగానే రెండు అడవులూ పరుగుపందెం పెట్టుకునేవి. గెలిచిన అడవిదే ఆ వేసవికి మడుగు. రెండేళ్లుగా చెంగల్వ గెలుస్తోంది, ఈ గట్టు జంతువులన్నీ నీళ్లు తాగుతున్నాయి.

ఆ గెలుపుకు దండలు మాత్రం క్రీడాసంఘం అధ్యక్షుడు బలభద్రం గారి మెడలో పడుతున్నాయి. ఆయన ఎలుగుబంటి. తేనెటీగలు తరిమినప్పుడు తప్ప జన్మలో పరుగెత్తి ఎరగడు.

మూడో ఏడు పందెం నెల రోజులుందనగా ఆయన సభ పెట్టాడు.

"మన ఆటగాళ్లు పందేనికి ముందు ఏం తాగుతున్నారు? నీళ్లు! దోమలు గుడ్లు పెట్టే నీళ్లు! కప్పలు ఈదే నీళ్లు! పక్క అడవి వాళ్లకు తెలిస్తే మన పరువేం కాను?"

సభ సిగ్గుతో తల దించుకుంది. సభలో సగం మంది అప్పుడే ఏటికి పోయి తాగొచ్చినవాళ్లు.

"ఇక మీదట అధికారిక పానీయం పిడుగురసం. ఇప్పపూలు, తేనె కలిపి గరిటె నిలబడేంత చిక్కగా కాచింది. పందేనికి ముందు తలా మూడు సొరబుర్రలు పట్టించాలి. నీళ్లు నిషేధం."

రసం కాచేది అధ్యక్షుడి బావమరిది. ఆ సంగతి అందరికీ తెలుసు గనక ఎవరూ అడగలేదు.

మనుబోతు గవరయ్య మాత్రం లేచాడు. చెంగల్వకు పరుగు నేర్పిన ముసలాయన. "దీన్ని తాగి ఎవరైనా పరుగెత్తి చూశారా, అధ్యక్షా?"

"పరిశోధన జరిగింది!" అని సంఘం వైద్యుడు డాక్టర్ కొంగ ఒంటికాలి మీద లేచాడు. "ఒక దున్నపోతుకు పది రోజులు రసం పట్టించాం. ఒక్కసారి కూడా ఒంట్లో నీరు తగ్గలేదు."

"ఆ పది రోజులూ దున్నపోతు ఎక్కడుంది?"

"బురదగుంటలో."

"పరుగెత్తిందా?"

"పరుగెత్తితే పరిశోధన పాడవదూ?" అన్నాడు కొంగ, జాలిగా చూస్తూ.

సభ చప్పట్లు కొట్టింది.

చెంగల్వ మర్యాదస్తురాలు. పెద్దలు చెప్పారు కదా అని మర్నాడే మూడు బుర్రలూ తాగి పరుగు తీసింది. మొదటి మలుపుకే కడుపు ఉబ్బి డోలైంది. రెండో మలుపుకు నాలుక పిడచగట్టింది. మూడో మలుపు దగ్గర వెనక కాళ్లు కొయ్యల్లా బిగుసుకుని కూలబడింది. తాగింది బయటికి కక్కేసి కూడా దాహమో అని మూలిగింది.

గవరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "అమ్మాయీ, నీ మూత్రం ఏ రంగులో ఉంది?"

"ఛీ, ఏంటి తాతా ఆ మాటలు!"

"చెప్పవే."

"మోదుగుపువ్వు రంగులో."

"ఒంట్లో నీరు లేదని ఒళ్లే చెబుతోంది. అంత చిక్కటి తీపి లోపలికి పోతే, దాన్ని పలచన చెయ్యడానికి ఒళ్లు తన నీళ్లనే కడుపులోకి తోలుతుంది. నువ్వు రసం తాగాననుకుంటావు. అదే నిన్ను తాగుతుంది."

"మరేం చెయ్యమంటావు?"

"ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగు, కొద్దికొద్దిగా. పొట్ట పగిలేట్టు ఒక్కసారే తాగకు, అదీ చేటే. నడుమ ఉప్పునేల రెండుసార్లు నాకు. ఉప్పుంటే తాగిన నీరు ఒంట్లో నిలబడుతుంది."

"సంఘం ఊరుకుంటుందా?"

"ఊరుకోదు," అన్నాడు గవరయ్య. అంతకు మించి ధైర్యం చెప్పడం ఆయనకు రాదు.

చెంగల్వకు ఆ వారమంతా మేత సయించలేదు. మాట వింటే ఓడిపోవాలి, వినకపోతే దోషి కావాలి. మందలో ఆ ఏడు పుట్టిన కూనలు పదకొండు. మడుగు పోతే వాటిలో సగం వేసవి దాటవు. కూనల్ని చూశాక ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు. పందెం ముందు రోజు సాయంత్రం ఏటికి పోయి నాలుగు గుక్కలు తాగింది. ఉప్పునేల నాకింది. తెల్లవారుజామున మళ్లీ నాలుగు గుక్కలు తాగింది.

పందెం రోజున బావమరిది స్వయంగా బుర్రలు పంచాడు. చెంగల్వ తన వంతు తీసుకుని పొద చాటుకు పోయి పుట్టలో ఒంపేసింది. ఆమె జట్టులోని కుందేలూ అడవిపందీ దేశభక్తులు. ఆఖరి బొట్టు దాకా తాగి బుర్రలు నాకారు.

అవతలి అడవి నుంచి కృష్ణజింక ఇర్రి ఒక్కడే వచ్చాడు. నల్లటి వీపు, మెలికల కొమ్ములు. "మీ అధికారిక పానీయం ఏమిటి?" అని బలభద్రం గారు ఎగతాళిగా అడిగాడు.

"మాకు సంఘం లేదండీ. దాహమేస్తే నీళ్లు తాగుతాం."

"పాపం, వెనకబడిన అడవి," అన్నాడు అధ్యక్షుడు.

రిఫరీ ఏనుగు ఘీంకరించింది. పరుగు మొదలైంది. మొదటి మలుపులో కుందేలు కడుపు పట్టుకుని గంతులు మానేసింది. రెండో మలుపులో అడవిపంది అడ్డంగా పడిపోయింది. ఎండ నెత్తికెక్కింది. చెంగల్వ, ఇర్రి పక్కపక్కనే దూసుకొచ్చారు. చివరికి తల పొడుగు తేడాతో చెంగల్వే గీత దాటింది.

ఈ గట్టంతా ఈలలు. బలభద్రం గారు దండకోసం మెడ వంచాడు కూడా. "అంతా పిడుగురసం మహిమ!"

ఇంతలో డాక్టర్ కొంగ పొద పక్క నుంచి రెక్కలు కొట్టుకుంటూ వచ్చాడు. "అధ్యక్షా, ఘోరం! చెంగల్వ మూత్రం తేటగా ఉంది! ఈమె నీళ్లు తాగింది!"

గట్టు మీద ఈలలు ఆగిపోయాయి.

"నిజమేనా?" అన్నాడు అధ్యక్షుడు.

"నిజమేనండి," అంది చెంగల్వ. అబద్ధం చెప్పడం కూడా ఆమెకు చేతకాదు.

నీళ్లతో గెలిచిందని ఒప్పుకుంటే రసం సంగతేమిటి, బావమరిది సంగతేమిటి? అధ్యక్షుడు వంచిన మెడ ఎత్తి రిఫరీ దగ్గరికి నడిచాడు. "ఈమె గెలుపు చెల్లదు. మా సంఘం తరఫున ఫిర్యాదు."

"మీరే గెలిచారు కదయ్యా!" అంది ఏనుగు.

"మాకు గెలుపు కన్నా నియమం ముఖ్యం."

"సొంత ఆటగత్తె మీద మీరే ఫిర్యాదిస్తే నేనేం చెయ్యను?" అని ఏనుగు మడుగును అవతలి అడవికి రాసిచ్చేసింది.

ఇర్రి గెలిచినవాడిలా గంతులెయ్యలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఎండలు వచ్చాయి. ఏరు ఎండింది. క్రీడాసంఘం జంతువులన్నిటికీ పిడుగురసం పంచింది. తాగినకొద్దీ దాహం, దాహమేసినకొద్దీ రసం. కూనలు నిలబడలేకపోతుంటే చెంగల్వ సిగ్గు విడిచి మడుగు దగ్గరికి నడిచింది.

"ఇర్రీ, నన్ను రానివ్వకపోయినా సరే. పదకొండు కూనలున్నాయి."

"ఆ రోజు ముందు గీత దాటింది నువ్వు. నేను చూశాను," అన్నాడు ఇర్రి. "పొద్దుటి పూట మీ మందను తోలుకురా. గవరయ్యనూ, ఇంకా దాహమేసినవాళ్లెవరున్నా సరే తీసుకురా."

కూనలు మూతులు ముంచి తాగుతుంటే చెంగల్వ ఆ రోజు తాగడమే మరిచిపోయింది.

మర్నాడు బలభద్రం గారు పాక్కుంటూ వచ్చాడు. బొచ్చు అట్టలు కట్టింది, నాలుక గడ్డం దాకా వేలాడుతోంది.

"నీళ్లు..."

"మీ అడవిలో ఆటగాళ్లకు నీళ్లు నిషేధం కదండీ?" అన్నాడు ఇర్రి.

"నేను ఆటగాణ్ణి కాను బాబూ!"

"మరి క్రీడాసంఘానికి అధ్యక్షుడెలా అయ్యారు?"

ఆయన నీళ్ల వైపు మెడ చాచాడు. చెంగల్వకు కోపం రావలసింది. ఆ వేలాడే నాలుక చూస్తే రాలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. "ఆత్రపడకండి. కొద్దికొద్దిగా తాగండి."

వానలు పడ్డాక సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. మడుగు ఎందుకు పోయిందని ఎవరో అడిగారు. అధ్యక్షుడు దగ్గాడు, ఆకాశం చూశాడు, పరిస్థితులన్నాడు, విదేశీ హస్తమన్నాడు, లోతుగా పరిశీలిస్తున్నామన్నాడు. ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. అంత లోతైనవాడు మళ్లీ దొరకడని ఆయన్నే ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. చెంగల్వ మీద మూడేళ్ల నిషేధం కూడా ఏకగ్రీవమే.

నీతి: నీళ్లు తాగినవాళ్లు పందెం గెలుస్తారు, నీళ్లు నమిలినవాళ్లు పదవి గెలుస్తారు.