తాళి కట్టిన చేత్తోనే తాళం

ఫోనుకు తాళం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఈ దేశంలో కాపురాలను నిలబెట్టింది ఆయనే! నమ్మరా? అయితే పెద్దదోర్నాల పక్క పల్లెలో ఆదెమ్మకు జరిగింది వినండి. విన్నాక కూడా నమ్మకం కుదరకపోతే మీ ఇష్టం. మీ ఫోను మాత్రం తలగడ కిందే పెట్టుకుని పడుకోండి.

ఆదెమ్మ మొగుడు అంకన్న గొర్రెలు కాసేవాడు. మాటకారి, నవ్వుమొహం మనిషి. మందను అడవంచున వదిలేసి, శ్రీశైలం పోయే బస్సుల్లోని ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా చెయ్యి ఊపేవాడు. ఒక మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. ఆదెమ్మకు మిగిలినవి గొర్రెల మంద, తాళం పడిన ఒక ఫోను.

ఇక తాళం మహిమ చూడండి! మామూలుగా చావింట్లో ఏడుపు తప్ప పనేముంటుంది? ఇక్కడ ఊరంతటికీ చేతినిండా పని దొరికింది. మరిది వెంకటేష్ శవం పక్కన చేరి, పూలదండ కిందనుంచి అన్న బొటనవేలు పైకి లాగి ఫోను మీద అదిమాడు. కుడిచెయ్యి అయ్యాక ఎడమచెయ్యి అందుకున్నాడు.

"ఏందబ్బా నువ్వు చేసేది?" అంది ఆదెమ్మ ఏడుపు ఆపి.

"తెరుచుకుంటాదేమోనని వదినా. ఇంకాసేపుంటే వేలు కూడా దొరకదు గదా!"

"బతికుండంగా ఒక్కనాడు నా చేతికియ్యలేదు. ఇప్పుడు వేలిస్తాడా? వదులు ఆ చెయ్యి!"

చూశారా, ఏడుపు ఆగింది! ఏ ఓదార్పు ఇంత పని చేస్తుంది?

వేలు కుదరలేదు కాబట్టి నంబర్లు మొదలయ్యాయి. పుట్టినతేదీ కొట్టమన్నారొకరు. ఆధార్ ప్రకారం అంకన్న జనవరి ఒకటిన పుట్టాడు. ఆ మాటకొస్తే ఆ వీధిలో పెద్దవాళ్లంతా జనవరి ఒకటినే పుట్టారు, అదేం చిత్రమో! తెరుచుకోలేదు. పోనీ పెళ్లితేదీ? మందకు గాలికుంటు జబ్బు తగిలిన ఏడు పెళ్లయిందని ఆదెమ్మకు బాగా గుర్తు. గాలికుంటును అంకెల్లో ఎలా కొట్టాలో ఎవరికీ తెలియలేదు. కొట్టగా కొట్టగా ఫోనుకే విసుగొచ్చి కాసేపు ఆగమంది. మళ్లీ కొడితే ఇంకాసేపు ఆగమంది.

చుట్టాలు మాత్రం కదల్లేదు. లోపల ఏముందో! ఎవరి నంబరో, ఎవరి ఫొటోనో! "నాకెందుకమ్మా, నీ మంచికే చెప్తాండా" అంటూ పోలమ్మత్త రెండుపూటలా వచ్చి ఫోను పక్కనే కూర్చుంది. పోయిన మనిషి మీద బంధువులకు ఇంత శ్రద్ధ పుట్టించే సాధనం ఇంకొకటి ఉంటే చెప్పండి!

అంతలో ఇంట్లో గ్యాస్ అయిపోయింది. బుక్ చేస్తే ఓటీపీ ఆ ఫోనుకే వచ్చింది. టింగుమని మోగింది, అంకె మాత్రం కనపడలేదు. మొగుడి అనుమతి లేనిదే పొయ్యి వెలగదు, మొగుడు పోయాక కూడా! పాతివ్రత్యాన్ని టెక్నాలజీ ఇంతగా కాపాడుతుంటే, కాలం చెడిపోయిందని ఎవరండీ అనేది?

నిజానికి ఆదెమ్మకు ఎవరి గుట్టూ అక్కర్లేదు. ఆమెకు కావలసింది ఒక్క ఫొటో. ఇద్దరూ శ్రీశైలం పోయినప్పుడు డ్యామ్ దగ్గర ఎవరో యాత్రికుడి చేత తీయించుకున్నది. నీటి తుంపర మీద పడి ఇద్దరూ నవ్వుతున్నారు. కలిసి దిగిన ఫొటో అదొక్కటే. ఫోను తన చేతిలోనే ఉంచుకుని ఒకసారి చూపించాడు. "నాకొకటి కాగితం మీద తీయించియ్యి" అని అడిగితే, "యాడికి పోతాది, ఫోన్లోనే గదా ఉండేది" అన్నాడు. మాట తప్పే మనిషి కాదు. ఎక్కడికీ పోలేదు!

దినానికి ఫ్లెక్సీ ఉండాలని వెంకటేష్ ఆధార్ ఫొటోనే పెద్దది చేయించి తెచ్చాడు. ఆధార్ ఫొటో సంగతి మీకు చెప్పేదేముంది? గొర్రెలు కాసుకునే అంకన్న అందులో గొర్రెలు ఎత్తుకుపోయినవాడిలా ఉన్నాడు. ఆదెమ్మ దాన్ని కాసేపు చూసి, "ఈ మనిషెవరో నాకు తెలీదు" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఫోను కొంగున కట్టుకుని మార్కాపురం బస్సెక్కింది. మొబైల్ దుకాణం మస్తానయ్య ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తెరుస్తానమ్మా, అదెంత పని! కాకపోతే లోపల ఉండేదంతా పోతాది."

"అంతా అంటే?"

"అంతా. కొత్త ఫోను మాదిరి అయిపోతాది."

"కొత్త ఫోను నేనేం చేసుకోను నాయనా? నాకు లోపలుండే మనిషి కావాల."

మస్తానయ్య ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

తిరుగుబస్సు దోర్నాల సెంటర్లో దింపింది. పల్లెకు పోయే ఆటో నిండేదాకా ఆంజనేయులు హోటల్ బల్ల మీద కూర్చుంది. అంకన్న రోజూ టీ తాగేది అక్కడే. ఆంజనేయులు ఆమెను గుర్తుపట్టి టీ తెచ్చిచ్చాడు.

"యాడికి పోయొస్తాండావు చెల్లెమ్మా?"

చెప్పింది.

"ఓస్, దీనికోసం మార్కాపురం దాకా పోయినావా! రెండు, అయిదు, ఎనిమిది, సున్నా. నడిమధ్యన పైనుంచి కిందికి వస్తే సరిపాయె."

పక్క బల్ల మీద లారీ డ్రైవరు అవునని తల ఊపాడు. ఎదుటి బల్ల మీద ఆదిశేషు, అంకన్నతో కలిసి గొర్రెలు తోలేవాడు, "అదే, అదే" అన్నాడు. "మేమంతా దాంట్లోనే గదా క్రికెట్ చూసింది!"

ఆదెమ్మ కొట్టింది. తెరుచుకుంది. లోపల పోలమ్మత్త ఆశపడ్డ ఆడమనిషి ఎవరూ లేరు. గొర్రెలున్నాయి. గొర్రెపిల్లలున్నాయి. కొమ్ము విరిగిన పొట్టేలు అన్ని వైపులనుంచీ ఉంది. వాటి మధ్యలో డ్యామూ, తుంపరా, ఆ నవ్వూ. ఆదెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫోను అద్దం కూడా తుడిచింది. టీ చల్లారిపోయింది.

"దినానికి పెట్టేది ఈ ఫొటోనే" అంది. తర్వాత తలెత్తింది. "మీకందరికీ తెలుసా అన్నా ఈ నంబరు?"

"ఎందుకు తెలీదు? మాకాడ వాడికి దాపరికం ఏముండాది!"

"అంటే ఈ తాళం నా ఒక్కదానికేనా?"

ఆంజనేయులు నవ్వబోయి మానుకున్నాడు. "అట్ల కాదులే చెల్లెమ్మా. ఆడోళ్లకి చెప్తే ఊరికే ఏందేందో అనుకుంటారని..."

"నీ ఫోను తాళం నంబరు మా వదినకు తెలుసా?"

ఆంజనేయులు గబగబా గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. ఆదిశేషు తన ఫోను జేబులోకి తోశాడు. లారీ డ్రైవరుకు లారీ గుర్తొచ్చింది. లోపల దోసెలు పోస్తున్న ఆంజనేయులు పెళ్లాం కాశమ్మ, అట్లకాడతో సహా గడప దాకా వచ్చి నిలబడింది.

"చెప్పు, నేనూ వింటా" అంది.

పెనం మీద దోసె మాడుతోంది. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం హోటల్లో ఒక్క మగాడికీ లేకపోయింది.