బండకాడిపల్లె తూటా తీర్మానం

పుంగనూరుకు ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న బండకాడిపల్లె ప్రజలు తమ పంటల రక్షణ కోసం మాగ్నమ్ తూటాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ తూటా పెట్టి పేల్చవలసిన రైఫిలు ఆ సమయానికి ఊళ్ళో లేదు. గొప్ప నిర్ణయాలకు ఇలాంటి చిన్న విషయాలు అడ్డు రాకూడదు కాబట్టి, రాలేదు.

రైఫిలు ఓబులప్పది. అంటే, ఓబులప్ప నాయన సంపాదించింది. పంట కాపాడుకోవడానికని లైసెన్సు మీద తెచ్చిన ఆ తుపాకి నలభై ఏళ్ళుగా ఒక్క పందిని గాని, ఒక్క పంటను గాని ముట్టుకోకుండా, ఇంటి పరువును మాత్రం కాపాడుతూ దూలానికి వేలాడింది. ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా అందుకునేది. పోయిన ఎన్నికలప్పుడు అందరి తుపాకుల్లాగే దాన్నీ స్టేషన్‌లో అప్పజెప్పారు. ఎన్నికలయ్యాక తీసుకుపొమ్మని కబురు కూడా వచ్చింది. ఎన్నికలు మళ్ళీ ఎలాగూ వస్తాయి, మళ్ళీ మోసుకుపోవాలి, ఈ తిరుగుడంతా ఎందుకని ఓబులప్ప దాన్ని అక్కడే ఉంచాడు. ముందుచూపంటే అదీ.

అటువంటి తరుణంలో అడవిపందులు వచ్చాయి. ఓబులప్ప నాలుగెకరాల్లో వేసిన వేరుశనగకు ఊడలు దిగి, కాయ గట్టిపడుతోంది. ఇంట్లో ఉన్న గొర్రెలన్నీ అమ్మి పెట్టిన పంట అది. పోతే వచ్చే ఏడాదికి విత్తనం కూడా మిగలదు. పందులు మొదటి వారంలోనే అర ఎకరా దున్ని పెట్టాయి. ఓబులప్ప భార్య తాయమ్మ పొద్దున్నే చేను చూసి వచ్చి, చేతిలోని చితికిన కాయలు మొగుడి ముందు పోసింది.

"ఆ తుపాకి యాడుండాదో ఎత్తుకురా మామా. ల్యాకుంటే పోయి శేను కాడ పడుకో. రెండిట్లో ఒకటి సెయ్యి."

ఓబులప్ప ఆలోచనాపరుడు కనుక మూడోది చేశాడు. డబ్బాలో దాచిన పాత తూటాలు తీసి చూశాడు. చిలుం పట్టి పచ్చగా ఉన్నాయి. తూటాలు లేని తుపాకిని తెచ్చుకుని ఏం లాభమని, ముందు తూటాల కోసం మదనపల్లె బస్సెక్కాడు.

మదనపల్లెలో తుపాకుల కొట్టు మునికృష్ణది. ఆయన నెమ్మదైన మనిషి. రెండు తూటాలు తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు.

"సూడప్పా, రెండిటికీ గుండు ఒకే లావు. ఈ పొట్టిదాంట్లో మందు తక్కువ, మైల్డు అంటారు. ఈ పొడుగుదాంట్లో దండిగా పడతాది, మాగ్నమ్ అంటారు. గుండు మారదు, యెనక నుంచి తోసే ఊపు మారతాది, అంతే. నీ తుపాకి ఎత్తుకురా. దానికి యేది పట్టేదీ సూసి ఇస్తాను."

ఆ చివరి రెండు మాటలూ ఓబులప్ప చెవికి ఎక్కలేదు. తూటాల్లో రెండు రకాలుంటాయని యాభై ఎనిమిదేళ్ళకు తెలిసిన మనిషికి, ఆ బరువే చాలు. అతని మనసు చూసీచూడగానే పొట్టిదాని మీదికి పోయింది. దానికొక కారణం ఉంది, ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళ వయసులో, నాయన ఊళ్ళో లేనప్పుడు, ఒకసారి ఆ రైఫిలు పేల్చాడు. గుండు ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు గాని, తాను మాత్రం పోయి పేడదిబ్బలో పడ్డాడు. నెల రోజులు కుడిచేత్తో ముద్ద ఎత్తలేకపోయాడు. అయినా నలుగురు చూస్తుండగా మైల్డు కావాలని అడగడం అతనికి నామోషీ. ఆ మాట ఊరే తనతో అనిపిస్తే బాగుంటుందనుకుని, కనుక్కుని వస్తానని చెప్పి వచ్చేశాడు.

ఊరు అతన్ని నిరాశపరచలేదు. టీ అంగట్లో మొదట నోరు విప్పింది మిలిట్రీ కుమారస్వామి. ఆయన పదిహేడేళ్ళు సైన్యంలో వంట చేసి వచ్చాడు. అందుచేత యుద్ధం గురించి ఆయనకు తెలియనిది లేదు.

"మైల్డు అనే మాట మొగోడు అనగూడదప్పా. పంది ఇంటే నవ్వతాది. మాగ్నమ్ యేసుకో. పేలిస్తే సౌండుకే పది పందులు పడిపోవాల."

అవతలి బెంచీ మీది వాళ్ళకు ఇది నచ్చలేదు. వాళ్ళకు నచ్చకపోవడానికి కుమారస్వామి అన్నాడన్నది తప్ప వేరే కారణం అక్కర్లేదు. మన పుంగనూరు ఆవు పొట్టిదే కదా, అంతమాత్రాన దాని పాలలో వెన్న తక్కువైందా అని వాళ్ళు నిలదీశారు. ఆవు పాలిస్తుంది గాని పందిని కాల్చదని ఇవతలి బెంచీ జవాబిచ్చింది. ఇంత శాస్త్రీయమైన చర్చ ఆ ఊళ్ళో బోర్లు ఎండిపోయిన ఏడాది కూడా జరగలేదు. సాయంత్రానికి మైల్డు వర్గం, మాగ్నమ్ వర్గం ఏర్పడ్డాయి. వారం తిరక్కుండా ఇద్దరు వియ్యంకులు మాటలు మానుకున్నారు. ఒకాయన తన పొట్టేలుకు మాగ్నమ్ అని పేరు పెట్టాడు. ఈ లోపల పందులు పూర్తి ఎకరా ముగించాయి.

విషయం చేయి దాటుతోందని సర్పంచి శోభారాణి గ్రహించారు. ఆమె చొరవ వల్ల ఓబులప్పతో సహా పదకొండు మందితో తూటా ఎంపిక సలహా సంఘం ఏర్పడింది. సంఘానికి ఒక రిజిస్టరు, ఒక రబ్బరు స్టాంపు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు మంజూరయ్యాయి. పందిని కాల్చాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి కదా అని మొదటి సమావేశంలోనే ఒకరు లేచారు. సంఘం ఆ సభ్యుణ్ణి అభినందించి, ఆ అంశాన్ని ఆఖరి సమావేశానికి వాయిదా వేసింది. రైఫిలు ఎక్కడుందన్న ప్రశ్న ఎజెండాలో లేదు.

రెండో సమావేశం అధ్యయన యాత్రకు తీర్మానించింది. కుప్పం వైపు ఊళ్ళ మీద ఏనుగులు పడతాయి. ఏనుగులనే చూసిన వాళ్ళకు తూటాల సంగతి ఇంకెంత తెలిసుండాలని పదకొండు మందీ రెండు జీపుల్లో బయలుదేరారు. గుడుపల్లె దగ్గర ఒక టమాటా చేను గట్టు మీద నిలబడి, మైల్డా మాగ్నమా అని అడిగారు. ఆ రైతు వీళ్ళను కాసేపు ఎగాదిగా చూశాడు.

"యేనుగును కాలిస్తే జైల్లో పెడతారు గదప్పా. మేము రేకు డబ్బా కొడతాం."

కుప్పం ప్రాంతంలో తూటాల విజ్ఞానం ఇంకా డబ్బా దశలోనే ఉందని సంఘం విచారంతో నమోదు చేసుకుంది. కుప్పంలో భోజనం బాగుందని కూడా నమోదు చేసుకుంది. తిరిగొచ్చేసరికి పోయింది రెండెకరాలైంది.

ఆ పొద్దు ఓబులప్ప ఇల్లు చేరేసరికి తాయమ్మ వాకిట్లో పాత చీరలు కుప్ప పోసుకుని కూర్చుంది. ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చింది. కుప్పలో తన పెళ్ళినాటి పసుపు చీర కూడా ఉంది. ఓబులప్ప మనసు చివుక్కుమంది. కమిటీ తేల్చేదాకా ఆగమని నసిగాడు.

"పందులు ఆగతాయా?" అంది తాయమ్మ.

ఆ తరువాత ఆమె చేను చుట్టూ కర్రలు పాతి చీరలు కట్టింది. పుంగనూరు పోయి రెండు గోతాలలో ఏదో తెచ్చి గట్టు పొడుగునా చల్లింది. ఏ చీర ఎక్కడ కట్టిందీ, ఎంత ఎత్తున కట్టిందీ, అదంతా ఆడవాళ్ళ పని. పాఠకుల విలువైన కాలాన్ని వాటితో వృథా చేయదలచుకోలేదు. మనం సంఘం దగ్గరికి వద్దాం.

మూడో సమావేశం చరిత్రాత్మకమైంది. మైల్డు వర్గం భోజనానికి లేచిన అరగంటలో మాగ్నమ్ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నెగ్గిన మరునాడు చేను చూడబోయిన సభ్యులకు పందుల జాడ కనిపించలేదు. ఆ మరునాడూ లేదు. వారం గడిచినా లేదు. చీరలు కట్టినప్పటి నుంచీ, అంటే తీర్మానానికి మూడు రోజుల ముందు నుంచే పందులు రావడం లేదని తాయమ్మ చెప్పింది. తీర్మానం ఎటు పోబోతోందో పందులకు ముందే ఉప్పందిందని కుమారస్వామి వివరించాడు. మిగిలిన రెండెకరాలూ కాయలతో నిలబడ్డాయి.

బడి ఆవరణలో విజయోత్సవ సభ జరిగింది. శోభారాణి గారు మైకు సరిచేసుకున్నారు. "ఒక్క తూటా పేల్చకుండా, ఒక్క ప్రాణం తీయకుండా, కేవలం తీర్మానంతో పంటను కాపాడుకున్న మొదటి గ్రామం మనది. దీనికంతటికీ మూలపురుషుడు మన ఓబులప్ప" అన్నారు. అతనికి ఎర్ర శాలువా కప్పారు. తాయమ్మ రాలేదు. గాలికి ఊడిన చీరను మళ్ళీ కర్రలకు కట్టడానికి ఆమె చేనికి పోయిందని తెలిసింది.

సన్మానం అందుకున్నాక తుపాకి తెచ్చుకోకపోతే బాగుండదని ఓబులప్పకు తోచింది. స్టేషన్‌కు పోయి, సంతకం పెట్టి, రైఫిలు విడిపించుకుని, నేరుగా మదనపల్లె కొట్టుకు పోయాడు. భుజం తలుచుకుంటేనే చెమటలు పట్టాయి. అయినా ఊరి మాట కదా, మాగ్నమ్ ఇమ్మన్నాడు.

మునికృష్ణ రైఫిలు తెరిచి చూశాడు. పొడుగు తూటా పెట్టబోతే సగంలోనే నిలబడిపోయింది. పొట్టిది పెడితే సరిగ్గా కూర్చుంది.

"దీనికి యెప్పుటికీ ఇదొకటేనప్పా. మీ నాయన తుపాకి కొన్న పొద్దే తేలిపోయిండే సంగతి ఇది. ఈడ నువ్వు యెంచుకునేదేమీ లేదు. ఎత్తుకురమ్మని అప్పుడే సెప్తి గదా?" అన్నాడు. తరువాత గొట్టాన్ని వెలుతురుకు పట్టి, ఒక పుల్లతో గెలికాడు. గుప్పెడు మట్టి రాలింది. దూలాన వేలాడిన రోజుల్లోనే కందిరీగ గూడు కట్టుకుంది. "ఇది పేల్చింటే, పంది మాత్రం బాగుండును" అన్నాడు.

తిరుగు బస్సులో ఓబులప్ప కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాడు. నలభై రోజులు ఊరంతా కొట్టుకున్నది, ఎవరూ ఎంచుకోవడానికి వీల్లేని దాని గురించి. సిగ్గేసింది. ఊరికి రాగానే జరిగింది జరిగినట్టు సంఘానికి చెప్పాడు. సంఘం శ్రద్ధగా విన్నది. తీర్మానం ఒకసారి రిజిస్టరులోకి ఎక్కాక మార్చడానికి వీల్లేదని, తుపాకినే మార్చుకోవాలని కుమారస్వామి సూచించాడు. అది కూడా ఏకగ్రీవంగా నెగ్గింది.

మరునాడు పొద్దున్నే ఓబులప్ప చేనికి పోయాడు. పసుపు చీర ముళ్ళకు తగిలి చినిగి, అక్కడ సందు పడింది. అతను సంచిలోంచి ఎర్ర శాలువా తీసి, ఎవరూ చెప్పకుండానే, ఆ సందుకు అడ్డంగా కట్టాడు. తాయమ్మ చూసి, "రోంత కిందికి దించు" అంది. దించాడు.

ఆ వారమే తంబళ్లపల్లె వైపు నుంచి నలుగురు రైతులు రెండు బస్సులు మారి వచ్చారు. వాళ్ళ చేలల్లోనూ పందులు పడుతున్నాయట. ఒంటికి తగులుతున్న చీరలను, శాలువాను చేతులతో పక్కకు తోసుకుంటూ చేలోకి వచ్చి ఓబులప్పకు దండం పెట్టారు. మైల్డా, మాగ్నమా, ఒక్క మాట చెప్పమన్నారు.

"తూటా గీటా ఏమీ ల్యాదప్పా. పంట కాపాడింది ఆయమ్మ. అదో, గట్టు మీద ఉండాది. ఆమెనడుక్కోండి" అన్నాడు ఓబులప్ప.

నలుగురూ తాయమ్మ వైపు చూశారు. తరువాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దమనిషి రహస్యం చెప్పడం లేదని వాళ్ళకు అర్థమైంది. సాయంత్రం బస్సులో ఇద్దరు మైల్డని, ఇద్దరు మాగ్నమని తేల్చుకున్నారు. వాళ్ళ ఊళ్ళో సంఘం ఏర్పాటైందని తాజా సమాచారం.

వాళ్ళను చూసి మీరు నవ్వుతున్నారు. నవ్వండి. కాని ఇంతదూరం చదివారు, రైఫిలుకు ఏ తూటా పట్టిందో మీకు బాగా గుర్తుంది. తాయమ్మ గట్టు పొడుగునా చల్లిన ఆ రెండు గోతాలలో ఏముందని మీరు మాత్రం ఎప్పుడైనా అడిగారా?